పొద్దున పుట్టిన తాబేళ్ళు

జిలానీ బాబా దగ్గర చేరి ఇన్నేళ్ళయినా తనను మెచ్చుకున్న పాపాన ఒక్కరూ పోలేదని సిలారుకి దిగులు. ఆ దిగులు ఆరబోస్తే సముద్రపు ఒడ్డంతా పరిచినా చోటు చాలేది కాదు.

బాబా తాబేలు గుడ్లు కాపాడే ఫకీరు. ఆయన గడ్డం ఎంత పొడుగంటే, ఇసుక దిబ్బ మీద కూర్చుంటే కొస అలల్లో తడిసేది. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా గుడ్లు తెచ్చి, కంచె లోపల ఇసుకలో పాతిపెట్టేవారు. పిల్లలు పైకి రాగానే ఒడ్డున వదిలేవారు.

"పుట్టుకతో వచ్చే బలం చారెడేరా వాటికి. అది నీళ్ళు చేరడానికే," అనేవారు బాబా.

ఆ రోజు బాబా కళ్ళు చూపించుకోవడానికి పట్నం వెళ్ళారు. తెల్లవారుతుండగా ఇసుక ఉడుకుతున్న అన్నంలా కదిలి, పిల్లలు బిలబిలమంటూ పైకొచ్చాయి. అప్పుడే ఫోను. పట్నం పెద్దమనుషులు చూడటానికి వస్తున్నారట.

"బయల్దేరిపోయామయ్యా. మేమొచ్చేదాకా ఉంచు!"

సిలారు పిల్లల్ని తొట్టెలో వేశాడు.

బయల్దేరినవాళ్ళు టిఫిను దగ్గర ఆగారు, భోజనం దగ్గర ఆగారు, కొబ్బరిబోండాల దగ్గర ఆగారు. పిల్లలు మాత్రం ఆగలేదు. తొట్టె గోడను పట్టుకుని రోజంతా గీకుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు సిలారుకి వినబడకపోలేదు. పైన తడిగుడ్డ కప్పి, వెళ్ళి కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

పొద్దు వాలాక కారొచ్చింది. కారా అది, వలలతో సహా పడవ పట్టేంత! దాని వెనకే బస్సు దిగి బాబా కూడా వచ్చారు.

సిలారు తొట్టెను ఇసుక మీద ఒంపాడు. పిల్లలు రెండడుగులు పాకి తలలు వాల్చేశాయి.

"ఇవి కదలవేం?" అంది కారులో వచ్చినావిడ. "ఎప్పుడు పుట్టాయి?"

"పొద్దున్నేనమ్మా..."

"పొద్దున్నా! మాటవరసకి ఉంచమంటే సాయంత్రం దాకా ఆపుతారా? ఎవరు ఆపింది?"

సిలారు కొత్త చొక్కా గుండీలు తడుముకున్నాడు.

"నేనేనమ్మా," అన్నారు బాబా వెనకనుంచి. "మీరు మెచ్చుకుంటారని ఆశపడ్డాను."

"ఈ వయసులో ఇదేం బుద్ధండీ! పైగా కాపాడేవాళ్ళట!"

ఆవిడ ఏడూళ్ళకు వినబడేలా కేకలేసింది. బాబా పలక పగలగొట్టిన పిల్లాడిలా తల వంచుకుని అన్నీ విన్నారు. 'ఆయన కాదమ్మా, నేను' అన్న ముక్క కొండ ఎక్కినంత కష్టపడి సిలారు గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే కూలబడింది.

కారు వెళ్ళిపోయింది. బాబా పిల్లల పక్కన చతికిలబడి, కాకులు వాలకుండా కండువా విసురుతూ కూర్చున్నారు. చాలాసేపటికి ఒకటి కాలు కదిపింది. తరవాత ఇంకొకటి. కొన్ని ఇక కదల్లేదు.

సిలారు వచ్చి ఆయన ముందు సాగిలపడ్డాడు.

"నేనే బాబా... తిట్టండి. నాలుగు తన్నండి. ఒక్క మాటైనా అనండి!"

బాబా అతని వైపు చూడలేదు.

"పక్కకి జరగరా. వాటి దారికి అడ్డంగా పడుకున్నావు."