ఇప్పచెట్టు కింద చిరుతపులి

కొండవాలున ఒకే ఒక్క పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ఎండలు ముదిరి, గడ్డిపరకన్నది కనబడని రోజుల్లో కూడా ఆ చెట్టు పూలు రాల్చేది. కండగల తెల్లటి పూలు, నోట్లో వేసుకుంటే తియ్యగా కరిగిపోతాయి. ఆ ఎండాకాలం అడవికి అవే అన్నం. అయితే ఒక్క సంగతి. ఇప్పపూలు మనం లేచేదాకా ఆగవు. చీకటి వీడీ వీడకముందే టప్ టప్‌మని రాలిపోతాయి. ముసుగు తన్ని పడుకున్నవాళ్ల కోసం మళ్లీ కొమ్మెక్కి కూర్చోవు మరి!

ఈ సంగతి నక్కబావకి అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆ ఏడు తొలిపువ్వు రాలకముందే ఇంటింటికీ తిరిగాడు.

“ఎలుగుమామా, విన్నావా? ఇప్పచెట్టు కింద చిరుతపులి మకాం పెట్టింది. తెల్లారుజామున వస్తుంది, పొద్దెక్కాక పోతుంది. నా కళ్లారా చూశాను, నా తోకమీద ఒట్టు!”

“అయితే పొద్దెక్కాకే లేద్దాం. అదేమైనా కష్టమైన పనా?” అన్నాడు ఎలుగుమామ సంబరంగా. ఆయనకి తేనె ఎంత ఇష్టమో నిద్ర అంతకంటే ఇష్టం.

చిరుతపులి మాట వింటే ఎవరికి గుండె ఆగదు? అడవి అడవంతా పొద్దెక్కేదాకా గుహల్లోంచి, పొదల్లోంచి బయటికి రావడం మానేసింది. తీరా వచ్చి చూస్తే చెట్టు కింద నేల ఊడ్చిపెట్టినట్టుండేది.

“పూలేవి బావా?” అని అడిగింది చెంగి. చెంగి అంటే వాగుగట్టు పొదలో ఉండే కుందేలు. కొత్తగా పిల్లల్ని కన్నది. తినడానికి తిండి లేక దానికి పాలు రావడం లేదు.

“చెట్టు గొడ్డుబోయింది మరదలా. ఏం చేస్తాం!” అని నక్కబావ నిట్టూర్చాడు.

“కొమ్మల నిండా మొగ్గలున్నాయి కదా?”

“మొగ్గలుంటే సరిపోయిందా? రాల్చాలని చెట్టుకి ఉండొద్దూ?”

ఆ రాత్రంతా పిల్లలు పాల కోసం ఏడుస్తూనే ఉన్నాయి. తెల్లారుజాముకి వాటి గొంతులు కూడా సన్నబడిపోయాయి. చెంగి ఇక ఆగలేకపోయింది. ‘పులి తింటే నన్ను తింటుంది. ఇక్కడ కూచుంటే పిల్లలే పోతాయి’ అనుకుని, వణుక్కుంటూనే పొదలోంచి బయటపడింది.

బయట చల్లగా ఉంది. దూరం నుంచే టప్, టప్ అని చప్పుడు వినిపించింది. చెంగి చెవులు నిక్కబొడుచుకుంది. బండచాటున నక్కి చూస్తే పులీ లేదు, గిలీ లేదు. నక్కబావ ఒక్కడే కూనిరాగం తీస్తూ, తోకతో పూలన్నీ ఊడ్చి రాతి కింద గోతిలోకి తోసుకుంటున్నాడు!

చెంగికి ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకుని, గాలికి తన వైపు దొర్లివచ్చిన పూలని గబగబా తిని, ఒక్క పువ్వు మాత్రం నోట కరుచుకుని తిన్నగా ఎలుగుమామ గుహకి పరిగెత్తింది.

“మామా, లే! మామా!”

“పులి... పులి పోయిందా?” అన్నాడు ఎలుగుమామ కళ్లు తెరవకుండానే.

చెంగి ఆ పువ్వు తీసి ఆయన నోట్లో పడేసింది. ఎలుగుమామ కళ్లు రెండూ ఒక్కసారే తెరుచుకున్నాయి. సంగతంతా విన్నాక ఆయన లేచి నిలబడి, “వాడి తోక పీకి చేతిలో పెడతాను, చూస్తూండు!” అని గర్జించాడు.

“వద్దు మామా. కొడితే పారిపోతాడు, రేపు ఇంకో అబద్ధంతో వస్తాడు. అతణ్ణి ఒక్క పొద్దు హాయిగా పడుకోనిద్దాం. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం రేపు చీకటుండగానే లేవాలి.”

“నేనా?” అన్నాడు ఎలుగుమామ. తోక పీకడమే ఆయనకి తేలికనిపించింది.

సాయంత్రం చెంగి నక్కబావ దగ్గరికెళ్లి చేతులు జోడించింది.

“బావా, ఎంత చిక్కిపోయావు! కళ్లు గుంటలు పడ్డాయి. రోజూ తెల్లారకముందే లేచి మా కోసం పులి జాడ చూసొస్తున్నావంట కదా?”

నక్కబావ ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత మీసం దువ్వుకున్నాడు. “ఆఁ... ఏదో, నలుగురి మంచి కోసం.”

“నీలాంటి పెద్దమనిషి ఇలా ఒళ్లు హూనం చేసుకోవడమేంటి బావా! రేపొక్కరోజు పడుకో. మేమెవ్వరం పొద్దున్నే పులి ఉన్న చోటికి వెళ్లంలే.”

నిజమే కదా, అనుకున్నాడు నక్కబావ. గోతినిండా సరుకుంది, ఒక్కరోజు లేవకపోతే కొంపేం మునగదు. ఆ రాత్రి గోతిలో నిల్వుండి పులిసిపోయిన పూలే కడుపునిండా మెక్కాడు. అవి తలకెక్కాయి. కాళ్లు చాపుకుని గుర్రుపెట్టాడు.

చీకటుండగానే చెంగి అందర్నీ లేపింది. ఎలుగుమామని లేపేసరికి దాని తలప్రాణం తోకకొచ్చింది. ఆయన ఆవలిస్తూ బయటికొచ్చి టక్కున ఆగిపోయాడు. తూరుపు ఎర్రబడుతోంది. ఆకుల మీద మంచు మెరుస్తోంది. పిట్టలన్నీ ఒక్కసారే గొంతు విప్పాయి.

“ఏమే చెంగీ, ఈ చల్లగాలి రోజూ ఉంటుందా?”

“రోజూ ఉంటుంది మామా. నువ్వే ఉండవు.”

ఎలుగుమామ పకపకా నవ్వాడు. చెట్టుకింద అందరికీ కడుపునిండా దొరికింది. చెంగి తిన్నది తిన్నట్టే పొదకి పరిగెత్తి పిల్లలకి పాలిచ్చింది. అవి గుటకలేసే చప్పుడు వింటుంటే దాని కళ్లు చెమర్చాయి.

నక్కబావకి మెలకువొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తల దిమ్ముగా ఉంది. గోతిలోకి చూస్తే మిగిలిన పూలకి చీమలు బారులు తీరాయి. పడుతూ లేస్తూ చెట్టు దగ్గరికొచ్చాడు. కింద ఒక్క పువ్వు లేదు. ఎలుగుమామ మాత్రం పొట్ట నిమురుకుంటూ కూచున్నాడు, పక్కన చెంగి.

“పూలేవి?” అన్నాడు నక్కబావ.

“చెట్టు గొడ్డుబోయింది బావా. ఏం చేస్తాం!” అంది చెంగి.

“అబద్ధం! పొద్దున రాలే ఉంటాయి!”

“పొద్దున్నా? అమ్మో, పొద్దున చిరుతపులి ఉండదూ?” అన్నాడు ఎలుగుమామ.

నక్కబావ చెవులు వాల్చేశాడు. తోక కాళ్ల మధ్య దోపుకుని వెనక్కి తిరిగాడు. అతని కడుపు గుర్రుమనడం చెంగికి వినబడింది. ఆకలంటే ఏంటో దానికి తెలుసు కదా, ఊరుకోలేకపోయింది.

“బావా! రేపు మళ్లీ రాలతాయి. చీకటుండగానే వచ్చి అందరితో పాటు తిను. ఊడ్చుకోవడానికి మాత్రం తోక తేకు!”

చెట్టు ప్రతి తెల్లవారుజామునా అందరికీ వడ్డిస్తుంది, లేచి కూర్చున్నవాళ్లే తింటారు.