ఎలుగుబంటి పోగొట్టుకున్న పేరు

ఒకప్పుడు, ఎక్కడో ఉత్తరాన మంచుదేశపు అడవిలో, ఎలుగుబంటికి సొంత పేరు ఉండేది. ఆ పేరు ఎవరు పలికినా, ఎంత దూరాన ఉన్నా పరుగెత్తుకొచ్చేది. "పిలిచారా?" అనేది. పిలిచాక భోజనం పెట్టకపోతే ఊరుకునేది కాదు.

అడవి అంచున హిల్డ అనే తల్లి ఉండేది. ఆమె కూతురు గీసాకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. పిల్ల అమ్మ అనలేదు, పాలు అనలేదు. మొట్టమొదట పలికింది ఎలుగుబంటి పేరే.

తలుపు ఊడింది. "పిలిచావా తల్లీ?" అంటూ ఎలుగుబంటి లోపలికొచ్చి జావకుండ నాకేసింది.

మర్నాడు పిల్ల మళ్లీ పిలిచింది. మేక పోయింది.

ఆ మర్నాడు ఎలుగుబంటి వచ్చి ఉయ్యాలలో పడుకుంది. ఉయ్యాల విరిగింది. లేచి ఒళ్లు దులుపుకుని, "ఇంట్లో ఇంకేముంది తినడానికి?" అని గీసా వంక చూసింది.

హిల్డ పిల్లని చంకనేసుకుంది. "రేపు రా," అంది. అంతే అంది.

పక్కింటి ఫ్రీడ అవ్వ విని, "పిలవకపోతే రాదు కదే పిచ్చిదానా," అంది.

"పిల్ల నోరు ఎలా కుట్టను అవ్వా?"

"కుట్టడమెందుకు? ఆ నోటికి ఇంకో మాట ఇవ్వు."

మనం చీకటిపడ్డాక పామును పురుగు అంటాం చూడండి, అలాగన్నమాట. హిల్డ దాని ఒంటిరంగు తలుచుకుంది. "బెరో" అంది. వాళ్ల భాషలో గోధుమరంగువాడు అని. జావ తాగిస్తూ గుక్కగుక్కకీ పిల్లకి అదే నేర్పింది.

మర్నాడు గీసా "బెరో, బెరో" అని అరిచింది. రమ్మన్నారు కదా అని వాకిట్లోకి వచ్చేసిన ఎలుగుబంటి వెనక్కి తిరిగి చూసింది. "నన్ను కాదు, ఎవరినో పిలుస్తున్నారు. వాడెక్కడున్నాడో పాపం," అని వెళ్లిపోయింది.

ఊరంతా ఆ మాటే పట్టుకుంది. మాటకి పిల్లలు కూడా పుట్టాయి. ఒకటి సముద్రం దాటి బేర్ అయింది. ఇంకొకటి మంచుకొండలెక్కి అక్కడివాళ్ల నోట బ్యోర్న్ అయింది. పాత పేరు మాత్రం పలికేవాళ్లు లేక మాసిపోయింది. ఎలుగుబంటే మరిచిపోయింది. హిల్డ ఒక్కదానికే గుర్తుంది.

చలికాలం ముందు అది వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"అమ్మా, నా పేరేంటో మీకేమైనా తెలుసా?"

తప్పిపోయిన పిల్లాడి గొంతులా ఉంది. పేరు హిల్డ నోటిదాకా వచ్చింది. లోపల గీసా నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిలింది.

"తెలీదు నాయనా," అంది హిల్డ. "వెతుక్కో."

అప్పటినుంచే ఎలుగుబంటి రాళ్లు తిరగేస్తోంది, పుట్టలు తవ్వుతోంది, తేనెపట్టులో మూతిపెట్టి చూస్తోంది. ఎవరైనా పిలుస్తారేమోనని రెండుకాళ్ల మీద నిలబడి చెవులు రిక్కిస్తోంది. ఎవరూ పిలవరు. మంచు పడగానే, కలలోనైనా గుర్తొస్తుందేమోనని వెళ్లి పడుకుంటుంది.