సింహాసనం నీళ్లలో మునిగిన రోజు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రణధీరవర్మకు ప్రజల కంటే బిరుదుల మీద మమకారం ఎక్కువ. భట్టు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే సభలో సగంమంది ఓ కునుకు తీసి లేచేవారు. అయినా చివరి బిరుదు చదివేదాకా ఏ పనీ మొదలుకాకూడదని రాజాజ్ఞ.

ఒక ఏడు పెనుతుఫాను వచ్చింది. కరకట్ట తెగి ఉప్పెన ఊళ్ల మీద పడింది. ఉప్పురేవు అనే ఊరి జనం పిల్లల్ని చంకనేసుకుని, పక్కనే ఉన్న రాజుగారి వేటదిబ్బ ఎక్కి బతికారు. ఇళ్లు పోయాయి. విత్తనాలు పోయాయి. మిగిలింది పొలం ఒక్కటే.

ఆ పొలం మీద రాజుగారి కన్ను పడింది.

"చోటు విడిచిపోయినవాడికి ఆ చోటు మీద హక్కు లేదు. ఇది మా తాతల నాటి శాసనం. వాళ్లు ఊరు విడిచారు కనుక ఆ పొలాలు నావి" అన్నాడు.

కొలువులో రాజును నవ్వించడం ఏకామ్రయ్య ఉద్యోగం. ఆ మాట విని అతనికి ఒళ్లు మండింది. ఆ పొలాలు వెనక్కి ఇప్పించేదాకా నిద్రపోకూడదనుకున్నాడు.

"శాసనం శాసనమే ప్రభూ. కానీ పొలం తగవు ఆ పొలంలోనే కూర్చుని తీర్చాలన్నది కూడా తాతల నాటి ఆచారమే. వచ్చే అమావాస్య ఉదయం సింహాసనం అక్కడ వేయిద్దాం. తమ ఠీవి జనమూ చూస్తారు."

ఠీవి అన్న మాట చెవిన పడగానే రాజు ఒప్పేసుకున్నాడు. కట్ట తెగినప్పటి నుంచి అమావాస్య పోటుకు సముద్రం ఆ పొలాల్లోకి వస్తోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగితే కదా.

అమావాస్య నాడు పొలం మధ్యలో సింహాసనం వేశారు. రాజు మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. భట్టు బిరుదులు అందుకున్నాడు. సగం కాకముందే నీళ్లు రాజుగారి పాదుకలను తాకాయి.

"ఏమిటిది?"

"సముద్రం ప్రభూ. తమ బిరుదులు వినడానికి వచ్చినట్టుంది" అన్నాడు ఏకామ్రయ్య.

"భట్టూ, కొన్ని వదిలెయ్."

"ఒక్కటి వదిలినా రాజాజ్ఞ మీరినట్టే ప్రభూ."

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. రాజు పట్టుపంచె ఎగగట్టి దిబ్బవైపు పరుగు లంకించుకున్నాడు. అంతా ఆయన వెనకే పరుగెత్తారు. పోలమ్మ అనే ముసలావిడ చెయ్యి అందించి ఆయన్ని పైకి లాగింది. తనకున్న ఒక్క దుప్పటీ ఆయనకు కప్పింది.

తర్వాత ఏకామ్రయ్యను అడిగింది.

"బాబూ, మా పొలంలో ఎవులో కుర్సీ ఒగ్గేసి ఎలిపోనారు. దాన్నేటి సెయ్యమంటారు?"

"శాసనం ఉందిగా అవ్వా. చోటు విడిచిపోయినవాడికి ఆ చోటు మీద హక్కు లేదు."

రాజు ముఖం ఎర్రబడింది. "నేను విడిచిపోలేదు. ప్రాణం మీదికి వస్తే పరిగెత్తాను. నీళ్లు తీయగానే వెళ్లి కూర్చుంటాను."

"వీళ్లూ అంతే ప్రభూ."

రాజు ఒంటి మీది దుప్పటి చూసుకున్నాడు. చలికి ముడుచుకున్న పోలమ్మను చూశాడు. దూరంగా సింహాసనం మీద ఒక కొంగ దర్జాగా వాలింది. అది చూసి రాజుకు నవ్వు ఆగలేదు.

"తగవు తీరింది. పొలాలు మీవే. విత్తనాలు నా గాదెల నుంచి తీసుకోండి, ఈ దిబ్బ మీద ఇళ్లు కట్టుకోండి. ఏకామ్రయ్యా, నీకేం కావాలో కోరుకో."

"తెగిన కట్ట మళ్లీ లేచేదాకా ఆ సింహాసనం అక్కడే ఉండనివ్వండి ప్రభూ."

మాట ఇచ్చాక తప్పుతుందా? రాజు కోటలో ముక్కాలిపీట మీద కూర్చుని కొలువు తీర్చాడు. కట్ట పని మాత్రం చకచకా సాగింది.

సింహాసనం తిరిగొచ్చిన రోజు భట్టు గొంతు సవరించుకున్నాడు.

"అవి ఉండనీ. ముందు పని చూద్దాం" అన్నాడు రాజు.