ఎర్ర బొత్తామూ అక్క తోకా

పిల్లలూ, ఇవాళ నేను చెప్పబోయేది మామూలు కథ కాదు. ఇంత భయంకరమైన కథ మీరు పుట్టి బుద్ధెరిగాక విని ఉండరు. ఇందులో ఒక మహావీరుడున్నాడు. వాడు వస్తున్నాడంటే చాలు, అడవి అడవంతా ముక్కు మూసుకునేది.

అవును, ముక్కే. ఎందుకంటే వాడొక చుంచుపిల్ల. చుంచులు కంపు కొడతాయి కదా. ఇక వాడి పొడవంటారా, తోకతో కలిపి కొలిస్తే మీ నాన్న బొటనవేలంత. తోక తీసేసి కొలిస్తే చెప్పుకోవడానికి కూడా సిగ్గే. ఏం చేస్తాం, దొరికిన వీరుడితోనే సర్దుకుందాం.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బద్ధకపు వాగు. ఏడాదిలో పది నెలలు చీమ కాలు కూడా తడిపేది కాదు. ఆ వాగు ఒడ్డున ఒక బొరియ. బొరియలో చుంచమ్మ, ఆమె ముగ్గురు పిల్లలు ఉండేవారు. పెద్దపిల్ల పేరు కీచులు. ఎప్పుడూ ఎవరినో ఒకరిని కోప్పడుతూ ఉండేది. రెండోవాడు డాబు. వాడే మన వీరుడు. మూడోది నలుసు. అది తక్కువ మాట్లాడేది, ఎక్కువ తినేది.

చుంచులకి కళ్ళు సరిగ్గా ఆనవు. ఎదురుగా ఏనుగు వచ్చి నిలబడినా, "ఇవాళ మబ్బు పట్టినట్టుందే" అనుకుంటాయి. అందుకని దారి నడవడానికి వాటికి ఒక పద్ధతుంది. అమ్మ ముందు నడుస్తుంది. అమ్మ తోకని పెద్దపిల్ల నోటితో పట్టుకుంటుంది. పెద్దపిల్ల తోకని రెండోవాడు పట్టుకుంటాడు. వాడి తోకని మూడోది. అలా రైలుపెట్టెల్లా వరసగా పోతారు. నోటినిండా తోక ఉంటుంది కాబట్టి దారిలో కబుర్లుండవు. ఎవరైనా ఆగాలనుకుంటే ముందున్న తోకని రెండుసార్లు లాగాలి. అంతే.

ఆ ఇంట్లో తలా ఒక అపురూపమైన వస్తువుంది. చుంచమ్మ దగ్గర వాళ్ళమ్మ మీసంలోని ఒక వెంట్రుక ఉంది. దాన్ని ఎండుటాకులో చుట్టి దాచుకుంది. కీచులు దగ్గర నెమలీక ముక్క ఉంది. నలుసు దగ్గర ఎండిపోయిన పేడపురుగు ఉంది. అది అప్పుడప్పుడూ దాన్ని కాస్త నాకి, మళ్ళీ దాచుకునేది.

మరి డాబు దగ్గరో? ఎర్ర బొత్తాం! అడవికి ఎవరో వచ్చినప్పుడు చొక్కా నుంచి ఊడిపడిన బొత్తాం. నాలుగు చిల్లులు, అద్దంలాంటి మెరుపు.

"సూర్యుడు పొద్దున్నే లేస్తాడే, అప్పుడు రాలింది ఇది. సూర్యుడి ముక్క!" అనేవాడు డాబు.

"సూర్యుడికి నాలుగు చిల్లులుంటాయట్రా?" అనేది కీచులు.

"నీకు సూర్యుడు కనబడతాడా? కనబడనప్పుడు ఊరుకో!"

"నీకు మాత్రం కనబడతాడా?"

అదీ నిజమే. అయినా డాబు తగ్గేవాడు కాదు. పక్క బొరియలో ఉండే పందికొక్కు గంపయ్య మామయ్యకి రోజుకి మూడుసార్లు ఆ బొత్తాం చూపించి వచ్చేవాడు. గంపయ్య మామయ్య మాత్రం, "తినడానికి పనికిరానిది ఎంత మెరిస్తే ఏం లాభంరా అల్లుడూ" అని తన చిలగడదుంపని ముద్దుగా నిమురుకునేవాడు. ఆ దుంప మామయ్య తలకాయంత ఉంటుంది. తింటే అయిపోతుందని తినకుండా దాచుకున్నాడు మరి.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. తీతువు పిట్ట అరుచుకుంటూ వచ్చింది.

"లేవండి, లేవండి! పైన కొండల్లో కుండపోత! వాగు వచ్చేస్తోంది! అందరూ ఏనుగు బండ ఎక్కండి!"

తీతువు ఊరికే అరిచే రకం కాదు. చుంచమ్మ నేలకి చెవి ఆనించి విన్నది. దూరంగా గుడగుడమని చప్పుడు. ఇన్నాళ్ళూ నిద్రపోయిన వాగు ఇప్పుడు లేచి పరిగెత్తుకొస్తోంది.

"పిల్లలూ, వరస కట్టండి!" అంది చుంచమ్మ.

"అమ్మా, నా నెమలీక!"

"అమ్మా, నా బొత్తాం!"

నలుసు మాత్రం పేడపురుగుని గబగబా తినేసింది. దాని సామాను అలా సర్దుకుంది.

"వినండి," అంది చుంచమ్మ. "మనకి ఒక్కొక్కరికీ ఒకటే నోరు. అందులో వస్తువైనా పడుతుంది, తోకైనా పడుతుంది. రెండూ పట్టవు. ఇవాళ తోకే."

కీచులు నెమలీకని ఒకసారి వాసన చూసి, కింద పెట్టేసింది. దాని ముక్కు మాత్రం వణికింది.

"మరి అమ్మమ్మ మీసమో?" అడిగాడు డాబు. అమ్మ దాన్ని వదలదని వాడి ధీమా.

"అది నోట్లో పెట్టుకుంటే ఎలారా? దారి చెప్పాలిగా నేను," అంది చుంచమ్మ. ఎండుటాకు చుట్టని ఒక మూలకి నెట్టింది. "మా అమ్మ మీసం పోతే రెండు రోజులు ఏడుస్తాను. మీరు పోతే ఏడవడానికి నేనే ఉండను. పదండి."

డాబు "సరే" అన్నాడు. వాడు "సరే" అన్నాడంటే మీరు నమ్మారా? చుంచమ్మ నమ్మింది పాపం, అమ్మ కదా.

వాన మొదలైంది. నలుగురూ బయలుదేరారు. డాబు బొత్తాన్ని బుగ్గలో దూర్చుకుని, పైనుంచి అక్క తోక పట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, బొత్తాం అడ్డుపడి తోక జారిపోయింది. వాడి పళ్ళు తోక మీద గీసుకునేసరికి కీచులు అమ్మ తోకని రెండుసార్లు లాగింది. రైలు ఆగింది.

"ఏమైందిరా?"

"తుమ్మొచ్చిందమ్మా."

మళ్ళీ బయలుదేరారు. ఈసారి డాబు బొత్తాన్ని చంకలో పెట్టుకున్నాడు. మూడు కాళ్ళ మీద కుంటుతూ నడిచాడు. వాడు కుంటితే వాడి వెనక నలుసు పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. ముందు కీచులు కూడా ఊగిపోయింది. కీచులు మళ్ళీ రెండుసార్లు లాగింది. రైలు మళ్ళీ ఆగింది.

"ఇప్పుడేమైందిరా?"

"ముల్లు గుచ్చుకుందమ్మా. తీసేశాను."

"ఒరేయ్, వాగు నీ తుమ్ముల కోసం, నీ ముళ్ళ కోసం ఆగదు!" అని కీచులు కోప్పడి, మళ్ళీ అమ్మ తోక నోట కరుచుకుంది.

వెనకనుంచి రొప్పుతూ గంపయ్య మామయ్య వస్తున్నాడు. నోట్లో చిలగడదుంప. ఆ దుంప బొరియలోంచి రాక, మామయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి బొరియ నోరే తవ్వి పెద్దది చేసుకుని వచ్చాడు. మీద వాన, కింద బురద, నోట్లో దుంప. అయినా కళ్ళలో ఎంత గర్వమో!

మూడోసారి డాబుకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలంటే నాకు భయం పిల్లలూ. ఎందుకో తర్వాత చెబుతాను.

'అక్క ఎటు పోతుందో వాసన పట్టి నడవలేనా? బండ ఎంత దూరం గనక? పది అడుగులు తోక వదిలితే కొంపలేం మునుగుతాయి?' అనుకున్నాడు. అనుకుని, మెల్లగా అక్క తోక వదిలాడు. బొత్తాం నోట కరుచుకున్నాడు.

కీచులు తోక తేలికైపోయింది. 'హమ్మయ్య, వీడికి ఇప్పటికి కుదురొచ్చింది' అనుకుంది పాపం.

డాబు ముక్కు చాచి నడిచాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు. అక్క వాసన తగిలింది. నాలుగు, ఐదు. కొంచెం తగిలింది. ఆరు. ఏమీ లేదు. ఉన్న వాసనంతా వాన కడిగేసింది. ఎటు చూసినా తడిమట్టి వాసనే.

అయినా వీరుడు ఆగుతాడా? "ఇటే అయ్యుంటుంది" అని కుడివైపు తిరిగాడు. వాడి తోక పట్టుకుని నలుసు కూడా తిరిగింది. తర్వాత ఎడమకి. తర్వాత పల్లంలోకి. ఆఖరికి ఒక చిన్న మట్టిగడ్డ మీద ఆగారు. ముందు అడుగు వేస్తే నీళ్ళు. పక్కకి వేస్తే నీళ్ళు. వెనక్కి వేస్తే నలుసు, దాని వెనక నీళ్ళు.

 అమ్మని పిలవాలి.

"మ్మ్! మ్మ్మ్!" అన్నాడు.

నోట్లో బొత్తాం ఉంటే అంతకంటే ఏమొస్తుంది? వాన చప్పుడులో అది వాడికే వినబడలేదు.

మట్టిగడ్డ అంచు ఊడి నీళ్ళలో పడింది. డాబు ముందుకి జరిగాడు. నలుసు వెనకకాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. అది చలికి వణుకుతోంది. ఆ వణుకు తోక మీదుగా డాబు వీపుకి పాకింది.

నోరు తెరిస్తే బొత్తాం పోతుంది. తెరవకపోతే చెల్లెలు పోతుంది.

డాబు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నోరు తెరిచాడు. బొత్తాం ఎక్కడ పడిందో కూడా చూడలేదు.

"అమ్మా! అమ్మా! తోక వదిలేశాను! నలుసు మునిగిపోతోంది! అమ్మా!"

అబ్బ, ఏం గొంతు! చుంచుకి ఒళ్ళెంత చిన్నదో గొంతంత పెద్దది.

బండ వాలు దాకా వెళ్ళిపోయిన చుంచమ్మ ఉలిక్కిపడింది. వెనక్కి తిరిగి వాసన చూసింది. కీచులు ఒక్కతే ఉంది. కీచులు తన తోక తడుముకుని భోరుమంది.

"తేలిగ్గా ఉందని సంతోషించానమ్మా!"

చుంచమ్మ వాలు దిగింది. కానీ మధ్యలో వాగు పాయ ఒకటి పారుతోంది. చుంచు అందులో కాలు పెడితే కొట్టుకుపోతుంది. అప్పుడే పక్కన దుంపతో సహా గంపయ్య మామయ్య వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా! నీకు ఈత వచ్చు. నా పిల్లలన్నయ్యా!"

మామయ్య నోట్లో దుంప. సరేనందామన్నా, కాదందామన్నా నోరు ఖాళీ లేదు. ఒక్క క్షణం ఆయన దుంపని చూశాడు. ఎన్ని రోజులు కడుపు మాడ్చుకుని దాచిన దుంప!

"థూ!" అని ఊసేశాడు. "దుంప పోతే ఇంకోటి తవ్వుకుంటానమ్మా. ఒరేయ్ వాగూ, కాచుకో!"

దబ్బున దూకాడు. బురద నీళ్ళని చీల్చుకుంటూ మట్టిగడ్డ దాకా ఈదాడు. అక్కడ వెనక్కి తిరిగి, తన పొడుగాటి తోకని గడ్డ మీదికి విసిరాడు.

"పట్టుకోరా అల్లుడూ!"

డాబు పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడంటే, మామయ్య కెవ్వున అరిచాడు.

"చచ్చాను! పట్టుకోమన్నాను గానీ కొరుక్కు తినమన్నానట్రా!"

డాబు వదల్లేదు. నీళ్ళు ముక్కులోకి పోయాయి, వదల్లేదు. ఒక కొమ్మ వచ్చి నెత్తిన మొట్టింది, వదల్లేదు. దారి పొడుగునా మామయ్య "అయ్యో, అమ్మో, ఒరేయ్ నీ పళ్ళు పాడుగాను" అంటూనే ఈదాడు. మామయ్య తోకకి డాబు, డాబు తోకకి నలుసు వేలాడుతూ పాయ దాటేశారు.

ఏనుగు బండ మీద అందరూ చేరాక వాన కాస్త తగ్గింది. కింద వాగు ఎర్రగా, వెడల్పుగా పోతోంది. బొరియలున్న చోటు నీళ్ళ కిందికి పోయింది. చుంచమ్మ పిల్లల్ని పొట్ట కింద దాచుకుని ఒక్కొక్కరినీ మూడేసిసార్లు వాసన చూసింది. అందరికంటే డాబుని ఎక్కువసేపు చూసింది. తర్వాత చెవి మీద ఒక్కటిచ్చింది. అదీ గట్టిగానే.

 గంపయ్య మామయ్య తోక నాక్కుంటూ కూర్చున్నాడు. ఆ తోక మీద ఇప్పటికీ చుక్కల ముగ్గు వేసినట్టు పంటిగాట్లు ఉన్నాయట.

నలుసు మాత్రం ఇంకా డాబు తోక పట్టుకునే ఉంది.

"ఒసేయ్, వదలవే. వచ్చేశాంగా," అన్నాడు డాబు.

నలుసు మెల్లగా వదిలింది. దవడలు రెండూ నొప్పెట్టి అటూ ఇటూ ఆడించుకుంది. అప్పుడు అంది:

"అన్నయ్యా, నువ్వు దారి తప్పావని నాకు మొదటి మలుపులోనే తెలిసింది."

"మరి అప్పుడే చెప్పలేదేమే?"

"నోరు తెరిస్తే నీ తోక పోతుంది కదా. అప్పుడు నువ్వు ఒక్కడివే తప్పిపోతావు కదా."

రోజుకి మూడుసార్లు గొప్పలు చెప్పుకునే డాబు చెల్లెలి పక్కకి జరిగి, తడిసిన దాని వీపుని పొడిగా అయ్యేదాకా నాకుతూ కూర్చున్నాడు.

ఏంటలా నవ్వుతున్నారు? గొప్ప ఆలోచనలంటే నాకెందుకు భయమో చెప్పమంటారా? చెబుతాను గానీ, ఇంటికెళ్ళి అందరికీ చాటకూడదు. కిందటేడు మా వీధిలోకి వాననీళ్ళు వచ్చేశాయి. మా నాయనమ్మని మా అమ్మ పట్టుకుని మేడ ఎక్కించింది. మా నాన్న మందుల డబ్బా, కాగితాల సంచీ తెచ్చాడు. మీ బాబాయినైన నేను మాత్రం, 'ముందు విలువైనది కాపాడాలి' అనుకుని, ఒక వస్తువుని గుండెకి హత్తుకుని అందరికంటే ముందు మేడ మీదికి ఉరికాను. నాయనమ్మ చెయ్యి అందించమని పిలుస్తున్నా వినబడలేదు. పైకెళ్ళి చూసుకుంటే నా చేతిలో ఉన్నది టీవీ రిమోటు. టీవీ కింద నీళ్ళలో ఉంది. రిమోటులో బ్యాటరీలు కూడా లేవు.

నీతి: ప్రమాదం వచ్చినప్పుడు ముందు మనవాళ్ళని పట్టుకోవాలి, ఆ పట్టు సడలకుండా ఇంకా చోటు మిగిలితేనే వస్తువులు పట్టుకోవాలి.