క్యాంపు మేడమ్

వకుళ ఆ దరఖాస్తంతా ఒక్క పూటలో నింపేసింది, ఆఖరి గడి తప్ప.

పేపర్లు ముప్పై మూడు. పుస్తకాలు నాలుగు. విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. ఏటా ఒక సేవా శిబిరం, అదీ ఊరి బయట నాపరాళ్ల గనుల పక్కనున్న ఎర్రగట్టు కాలనీలోనే. కొత్తగా పెడుతున్న సామాజిక న్యాయ కేంద్రానికి ఆమెను కాక ఇంకెవర్ని డైరెక్టర్‌గా వేస్తారని అందరూ అనేస్తున్నారు కూడా. ఆ ఆఖరి గడి మాత్రం ఒక చిన్న సంగతి అడిగింది. మీరు సేవ చేసిన చోట మిమ్మల్ని స్వయంగా ఎరిగినవాళ్లు ఇద్దరి పేర్లు రాయండి.

ఇద్దరంటే ఇద్దరు. రెండు రోజులు ఆలోచించింది. ఒక్క పేరూ తోచలేదు.

పక్క గది లెక్చరర్ నవ్వేసి, లబ్ధిదారుల జాబితాలోంచి ఏవో రెండు పేర్లు ఎక్కించెయ్యండి మేడమ్, ఎవరు పోయి అడుగుతారు అన్నాడు. ఎక్కించేసేదేనేమో గానీ, ఆ తర్వాతి గంటలోనే పిల్లలకు అబద్ధం గురించి పాఠం చెప్పాల్సి ఉంది. ఇంటికొచ్చి ఫోన్ తీసి చూసుకుంది. కాలనీ సంగతి సరే, పని లేకుండా ఊరికే తనతో మాట్లాడదామని ఫోన్ చేసే మనిషి అందులో ఒక్కరూ కనబడలేదు. క్వార్టర్స్‌లో ఒంటి మనిషి. అది అలవాటైపోయిన సంగతే గానీ, ఇలా గడి కట్టి ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఖాదర్‌వలీ సారు దగ్గరికి పోయింది. ఆమెకు నీతిశాస్త్రం చెప్పింది ఆయనే. రిటైరై ఇరవై ఏళ్లు దాటింది, దర్గా వీధిలో ఒక గదిలో ఉంటాడు. మాట తక్కువ, నడక ఎక్కువ. దరఖాస్తు మొదట్నుంచి చివరిదాకా చదివాడు. ఖాళీ గడి దగ్గర కాసేపు ఆగాడు. ఓదారుస్తాడేమోనని ఆమె చూసింది. కాగితాలు తిరిగి చేతిలో పెట్టి, చెప్పులేసుకుని, "పద" అన్నాడు.

ఎక్కడికని అడిగితే చెప్పే మనిషా ఆయన! ఆటో ఎక్కాక డ్రైవర్‌తో అంటుంటే తెలిసింది, ఎర్రగట్టు కాలనీకని.

బస్సూ బ్యానరూ పిల్లలూ లేకుండా అక్కడ దిగడం ఆమెకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. సారు మాత్రం తిన్నగా మొదటి వీధిలోకి నడిచాడు. ఒకావిడ ఇంటి ముందు పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తడుతోంది. ఆయన పోయి వాళ్ల అరుగు బండ మీద కూలబడి, దాహమవుతోంది తల్లీ, కాసిని నీళ్లియ్యి అన్నాడు, చుట్టరికం ఉన్నవాడిలా. ఆవిడా అలాగే లేచి చెంబు తెచ్చిచ్చింది.

అప్పుడు చూసింది వకుళను. అయ్యో, క్యాంపు మేడమ్ అనుకుంటూ పక్కింటికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. వకుళ కూర్చుంది. ఆవిడ మాత్రం నొచ్చుకుంటూ నిలబడింది.

"చెప్పకుండా వస్తిరే మేడమ్. కాలువ మొన్ననే ఎత్తేస్తిమి. మీ పిల్లోళ్లకు ఇప్పుడు పని యాడుండాది?"

వకుళకు అర్థం కాలేదు. అడిగితే ఆవిడ దాపరికమేమీ లేకుండా చెప్పుకొచ్చింది. మురుగు కాలువలో పూడిక వారానికోసారి వీళ్లే ఎత్తుకుంటారట. క్యాంపు కబురొచ్చిందంటే మాత్రం పదిహేను రోజులు దాన్ని ముట్టుకోరట. అంత దూరం నుంచి బస్సు కట్టుకుని వస్తారు, చేతులకు తొడుగులేసుకుని మరీ దిగుతారు, చెయ్యడానికేమీ లేకపోతే ఆ పిల్లలు చిన్నబోరూ? మొదట్లో ఎవరో పెద్దాయన ఆ మాటన్నాడట, అప్పట్నుంచీ అదే పద్ధతి. ఒక ఏడాది కంపు భరించలేక బాలింతలున్న ఇళ్లవాళ్లు తలుపులు బిగించుకున్నారు గానీ, పార మాత్రం పట్టలేదట.

ఇరవై రెండు క్యాంపులు. ఒక్కోదాని మీద ఒక్కో నివేదిక. సిగ్గుతో వకుళకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆవిడ ఆమెకూ నీళ్లు తెచ్చింది. ఉన్నాయమ్మా, తెచ్చుకున్నానంటూ వకుళ అలవాటుగా సంచిలోంచి సీసా తీసింది. ఆవిడేమీ అనుకోలేదు. పైగా సారు వైపు తిరిగి మెచ్చుకోలుగా చెప్పింది.

"ఈ మేడమ్ వాళ్లు శానా మంచోళ్లు పెద్దాయనా. తిండీ నీళ్లూ అన్నీ తెచ్చుకుంటారు. మమ్మల్ని ఏదీ అడగరు."

రొట్టె మాడుతోందని ఆవిడ పొయ్యి దగ్గరికి పోయింది. వకుళ గొంతు తగ్గించింది.

"ఎవరికీ భారం కాకూడదనుకున్నాను సార్."

"కాలేదు," అన్నాడాయన. "ఎవరికీ ఏమీ కాలేదు."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆమె ఏదో అనబోయేలోపు ఆయన లేచాడు. నమాజు వేళవుతోంది, నువ్వు తినేసి రా అన్నాడు. తినేసి రావడమేమిటి, ఇక్కడెవరు పెడుతున్నారని అడుగుదామనుకుంది. ఆయన అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

వకుళ కుర్చీలోనే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. రొట్టె కాలుతున్న వాసనకు కడుపు నకనకలాడుతోంది. లేచి ఆటో ఎక్కితే అయిపోతుంది, ఇంటికి పోయి తాళం తీసుకుని, నిన్నటి అన్నం వేడి చేసుకోవచ్చు. వెయ్యి మంది సభలో దానం గురించి గంటసేపు తడుముకోకుండా మాట్లాడిన మనిషి. ఒక్క రొట్టె అడగడానికి నోరు పెగల్లేదు. చివరిసారి ఎవర్నైనా ఏదైనా ఎప్పుడు అడిగానా అని వెతుక్కుంది. అమ్మ ఉన్నప్పుడు. అమ్మ పోయి పంతొమ్మిదేళ్లయింది.

కుర్చీ దిగింది. పొయ్యికి ఇవతల నేల మీద చతికిలబడింది. చీర పాడైపోతుంది మేడమ్ అని ఆవిడ గాభరాపడింది.

"ఆకలేస్తోందమ్మా," అంది వకుళ. "ఒక రొట్టె పెడతావా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. తర్వాత పెనం మీది రొట్టె తీసి, మధ్యలో ఉల్లికారం పెట్టి, మడిచి చేతికిచ్చింది. మొదటి ముక్కకే కారం నషాళానికంటి వకుళ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ నవ్వుతూ చెంబు ముందుకు జరిపింది. వకుళ ఎత్తి గటగటా తాగింది.

ఆవిడ ఇంకో పిండిముద్ద చేతిలోకి తీసుకుంది.

"నా పేరు సుంకులమ్మ. నీ పేరేందక్కా?"

వకుళ చెప్పబోయింది. రెండోసారికి గానీ తన పేరు తనకే నోటికి రాలేదు.