మోకాలి మీద బంగారు రేకు

ఓడలు తెరచాపలతో నడిచే రోజుల్లో, కళింగపట్నం ఓడలో సింహాద్రి అనే వంటవాడు ఉండేవాడు. తూర్పు దీవిలో ఓడ ఆగగానే బుద్ధుడి గుడి చూద్దామని బయల్దేరాడు. గుడివీధి సంతలో ఉల్లిపొర కన్నా పల్చటి బంగారు రేకులు అమ్ముతున్నారు. భక్తులు వాటిని విగ్రహానికి అతికిస్తారట.

"తెల్లారగట్ల మా రాజుగారు కుడి మోకాలికి అతికించి వెళ్లారు" అని రేకులమ్మే అవ్వ గొప్పగా చెప్పింది.

సింహాద్రి రెండు రేకులు కొని, ఒకటి ఆ మోకాలికే అతికించి దణ్ణం పెట్టుకున్నాడు. అంతలో ఎవరో వెనక నుంచి మెడ పట్టుకున్నారు. చూస్తే కోట దళవాయి!

"ఇప్పుడే నేను అతికించిన రేకు మీద నీది అతికిస్తావురా? పెద్దల రేకును కప్పినవాడికి వంద కొరడా దెబ్బలు!"

"న్యాయమే దొరా. గీకి చూస్తే నా తప్పు రుజువైపోతుంది. పైది నాది, దాని కింద తమది, దాని కింద రాజుగారిది. రాజుగారి రేకును కప్పినవారికి ఎన్ని దెబ్బలో కూడా తమరే సెలవియ్యండి."

దళవాయి చెయ్యి మెడ మీంచి జారింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరే, నీ చేతిలో ఉన్న ఆ రెండో రేకు కూడా నాదాని మీదే అతికించెయ్యి."