అర్లమ్మ చదివిన మూడు ఉత్తరాలు

అనగనగా కొండ కింద ఒక ఊరు, తల్లీ. ఆ ఊళ్ళో బాలశౌరి మేష్టారని ఉండేవారు. చర్చివాళ్ళు ఇచ్చిన ఇంటి వసారాలో కూర్చుని, చర్చిలో పూజ చేసే గురువులు కాబోయే మగపిల్లలకి లాటిన్ చెప్పేవారు. ఆయన కూతురు అర్లమ్మ. తల్లి లేని పిల్ల. బడిపిల్లలందరికీ ఆ పిల్లే వండి పెట్టేది.

ఒకనాడు మేష్టారు 'యువెంతూస్' అనే మాట చెప్పారు. అంటే పడుచుతనం. "ఈ భాష చచ్చిపోయిందంటారు గానీ, దేశదేశాల్లో పిల్లల్ని కని పోయిందిరా. మీలో ఎవరైనా అటు వెళితే, ఆ మాట అక్కడ ఏమయిందో నాకు రాయండి" అన్నారు.

అర్లమ్మ పిండి రుబ్బుతూ వింది. "నాకూ చెప్పండి నాన్నా" అంది.

"నీకెందుకే? పప్పు మాడుతోంది, చూసుకో."

ఆ తర్వాత ఆ బడిపిల్లల్లో ముగ్గురు సముద్రం దాటారు. ఇన్నయ్య రోముకి, చిన్నప్ప స్పెయిన్‌కి, రాయప్ప పోర్చుగల్‌కి. ఏళ్ళు గడిచాయి. మేష్టారి కళ్ళకి పొర కమ్మింది, బడి ఆగింది. ఊఁ కొడుతున్నావా?

అప్పుడు ఇన్నయ్య ఉత్తరం వచ్చింది. అంతా లాటినే. ఊళ్ళో చదివేవాళ్ళెవరు? మేష్టారు దాన్ని మూడు రోజులు తడుముకుంటూ కూర్చున్నారు. చూడలేక అర్లమ్మ తీసుకుని గడగడా చదివేసింది. ఇటలీలో ఆ మాట 'జొవెంతూ' అయిందట.

"ఎప్పుడు నేర్చావే?"

"మీరు వాళ్ళకి చెబుతుంటే విని, రాయిస్తుంటే చూసి, నాన్నా."

ఆ తర్వాత చిన్నప్ప ఉత్తరం. స్పెయిన్‌లో 'హువెంతూద్' అంటారట. ఆ తర్వాత రాయప్పది. పోర్చుగల్‌లో 'జువెంతూదె' అట.

మేష్టారు నవ్వలేదు. "నీకిప్పుడు ఎన్నేళ్ళే?" అన్నారు.

"నలభై రెండు."

"నీ పడుచుతనం ఆ పొయ్యి దగ్గరే పోయింది. నాకు కళ్ళున్న రోజుల్లోనే పోయింది. చూళ్ళేదే తల్లీ" అని ఏడ్చారు.

మర్నాడు కూతురి చెయ్యి పట్టుకుని పట్నంలో ఉన్న చర్చి పెద్దగురువు దగ్గరికెళ్ళారు. "ఇక నా బదులు అర్లమ్మ చెబుతుందండీ" అన్నారు.

"ఆడమనిషా?" అని నవ్వారు పెద్దగురువు. మేష్టారు బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు.

వానలు పడకముందే మేష్టారు పోయారు. అదే వసారాలోకి కొత్త మేష్టారొచ్చారు. ఆయన పిల్లలకీ అర్లమ్మే వండింది. కానీ ఆయన తప్పు చెప్పినప్పుడల్లా వంటింట్లోంచి గట్టిగా దిద్దేది. ఆయన విసుక్కున్నా గొంతు దించేది కాదు. పిల్లలు ఆవిడ చెప్పిందే రాసుకునేవాళ్ళు.

ఆవిణ్ణి మేష్టారని మాత్రం ఎవ్వరూ పిలవలేదు, తల్లీ.

కథమ్మ నడిచె కంచికి,
నిదరమ్మ వచ్చె కంటికి,
మనమొచ్చాం మన ఇంటికి.